మీ వీధి కరెంటు తీగలు భూమిలోకి వెళితే ఏం మారుతుంది? తవ్వకం మొదలవకముందే తెలుసుకోవాల్సినవి

బడంగ్‌పేట్, అల్మాస్‌గూడ, నాదర్‌గుల్, గుర్రంగూడ... ఈ వైపు ఏ కాలనీలోనైనా మొదటి అంతస్తు బాల్కనీలో నిలబడితే ముందుగా కనిపించేవి తీగలే. పైన కరెంటు తీగలు, వాటి కింద కేబుల్ టీవీ వైర్లు, ఇంటర్నెట్ వైర్లు. చుట్టలు చుట్టి స్తంభానికి కట్టేసినవి కొన్ని, ఎవరివో తెలియకుండా వేలాడేవి ఇంకొన్ని.

హైదరాబాద్‌లో ఈ తీగలను నేలకిందికి మార్చే పథకానికి రాష్ట్ర కేబినెట్ 2025 నవంబర్ 25న ఆమోదం తెలిపింది. అంచనా వ్యయం రూ.14,725 కోట్లు. విద్యుత్ కేబుళ్లతో పాటు టీ-ఫైబర్ కేబుళ్లనూ భూగర్భంలో వేయాలన్నది ఆలోచన. నగరం చుట్టూ ఉన్న 27 పట్టణ స్థానిక సంస్థలను జీహెచ్‌ఎంసీలో కలపాలన్న నిర్ణయమూ అదే సమావేశంలో జరిగింది. ఆ 27లో బడంగ్‌పేట్ కార్పొరేషన్ ఒకటి. కాబట్టి 'మరి మా వీధికి ఎప్పుడు?' అని మీరు అడగడం సహజం.

కేబినెట్ ఆమోదించిందంటే రేపే మీ ఇంటి ముందు తవ్వకాలు మొదలవుతాయని కాదు. ఇంత పెద్ద పని విడతలవారీగానే సాగుతుంది. ఈలోగా తెలుసుకోవాల్సింది చాలా ఉంది. స్తంభం మీద తప్పు జరిగితే వీధిలో అందరికీ కనిపిస్తుంది. నేలకింద జరిగిన తప్పు మొదటి పెద్ద వాన పడేదాకా బయటపడదు. పూడ్చేశాక సరిచేయాలంటే మళ్లీ తవ్వాల్సిందే. అందుకే అడగాల్సిన ప్రశ్నలు గుంత తెరిచి ఉన్నప్పుడే అడగాలి. ఆ ప్రశ్నలేమిటో, వాటి వెనకున్న సంగతులేమిటో చూద్దాం.

స్తంభం మీద ఉన్నవన్నీ కరెంటు తీగలేనా?

కావు. ఒకే స్తంభం మీద ఐదారు రకాల తీగలుంటాయి. వాటి యజమానులు కూడా వేరువేరు.

అన్నిటికంటే పైన పింగాణీ ఇన్సులేటర్ల మీద సాగే మూడు తీగలు ఎక్కువగా 11 కేవీ లైను, అంటే 11 వేల వోల్టులు. ఇది సబ్‌స్టేషన్ నుంచి మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ దాకా వస్తుంది. పెద్ద రోడ్ల వెంట సబ్‌స్టేషన్లను కలుపుతూ 33 కేవీ లైన్లూ కనిపిస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇళ్ల వైపు వచ్చేది ఎల్టీ లైను. ఇందులో రెండు ఫేజుల మధ్య 415 వోల్టులు, ఒక ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 240 వోల్టులు ఉంటుంది. స్తంభం నుంచి మీ మీటర్ దాకా వచ్చేది సర్వీసు వైరు. వీధి దీపాలకు ఇంకో తీగ.

మీటర్ దాకా ఉన్న కరెంటు సరఫరా వ్యవస్థ దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థది, అంటే టీజీఎస్‌పీడీసీఎల్‌ది. వీధి దీపాల బాధ్యత మునిసిపల్ యంత్రాంగానిది. కింద వేలాడే టీవీ, ఇంటర్నెట్ వైర్లు ప్రైవేటు ఆపరేటర్లవి. మీటర్ తర్వాత ఇంట్లో ఉన్న వైరింగ్ మీది.

ఈ పంపకం గుర్తుంచుకోండి. 'తీగలన్నీ భూమిలోకి' అని వార్త వచ్చినప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న 'ఏ తీగలు?' అన్నదే. 11 కేవీ లైను ఒక్కటే కిందికి పోయి, ఎల్టీ తీగలూ సర్వీసు వైర్లూ పైనే ఉండిపోతే స్తంభాలు అలాగే ఉంటాయి. కరెంటు తీగలన్నీ కిందికి పోయి ఇంటర్నెట్ వైర్లు మిగిలినా స్తంభాలు కదలవు.

ఇప్పుడే ఈ మాట ఎందుకొచ్చింది?

మొదటి కారణం ప్రాణాలు. 2025 ఆగస్టు 17 అర్ధరాత్రి వేళ రామంతాపూర్ గోఖలేనగర్‌లో శ్రీకృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు పాకి ఐదుగురు చనిపోయారు. రథాన్ని లాగుతున్న వాహనం ఆగిపోవడంతో యువకులు చేతులతో నెడుతుండగా ఈ ఘోరం జరిగింది. వేలాడుతున్న కేబుల్ వైరు ద్వారా విద్యుత్ ప్రవహించిందని అధికారులు చెప్పారు. ఆ తర్వాత స్తంభాల మీది ప్రైవేటు వైర్ల తొలగింపు ముమ్మరమైంది. చాలాచోట్ల ఇంటర్నెట్ ఆగిపోయింది. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది.

ఈ ఘటన చెప్పే పాఠం ఒకటుంది. కేబుల్ టీవీ వైరులో ప్రాణం తీసేంత కరెంటు ఉండదు. కానీ లోపల లోహపు తీగ ఉన్న ఏ వైరైనా తెగో, జారో 11 కేవీ లైనును తాకితే అది కూడా కరెంటు తీగే అవుతుంది. చూడటానికి మాత్రం మామూలు కేబుల్‌లాగే ఉంటుంది.

బాలాపూర్ వైపు వాళ్లకు ఊరేగింపుల సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. హైదరాబాద్ గణేశ్ శోభాయాత్రకు పేరు తెచ్చిన బాలాపూర్ గణేశుడు బయల్దేరేది ఇక్కడి నుంచే. ఏటా నిమజ్జనానికి ముందు ఊరేగింపు దారుల్లో కిందికి జారిన తీగలను సరిచేయాల్సి వస్తుంది. విగ్రహాల ఎత్తు పెరిగేకొద్దీ ఆ పని ఇంకా కష్టమవుతుంది.

రెండో కారణం ఇళ్లు. కేంద్ర విద్యుత్ అథారిటీ భద్రతా నిబంధనల ప్రకారం ఎల్టీ లైనైనా 11 కేవీ లైనైనా భవనానికి పక్కగా వెళ్తే మధ్యలో కనీసం 1.2 మీటర్ల దూరం ఉండాలి. 33 కేవీకి 2 మీటర్లు. భవనం మీదుగా పోతే ఎల్టీకి 2.5 మీటర్లు, 11 కేవీకీ 33 కేవీకీ 3.7 మీటర్ల ఎత్తు ఉండాలి. తీగ లాగినప్పుడు ఖాళీ ప్లాటు. తర్వాత ఇల్లు లేచింది, బాల్కనీ ముందుకొచ్చింది, పైన ఇంకో అంతస్తు పడింది. తీగ జరగలేదు, ఇల్లే దాని దగ్గరికి వచ్చింది. బట్టలారేసే ఇనుప దండెం, డాబా మీద పని చేసేవాళ్ల చేతిలోని ఇనుప చువ్వ ప్రమాదాలకు కారణమయ్యేది ఇలాంటిచోటే.

మూడోది గాలివాన. వేసవి చివర ఈదురుగాలికి కొమ్మ విరిగి తీగ మీద పడితే ఫీడర్ మొత్తం ఆగిపోతుంది. అది మీకు తెలిసిన సంగతే.

ఇంతకుముందు ఎక్కడైనా చేశారా?

తెలుగువాళ్లకు దగ్గరి ఉదాహరణ విశాఖపట్నం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను నేరుగా ఆ నగరం మీద తీరం దాటింది. వేల స్తంభాలు కూలాయి. జనం రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపారు. మరుసటి ఏడాది ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్లతో ఆమోదించిన ఆంధ్రప్రదేశ్ విపత్తు పునరుద్ధరణ ప్రాజెక్టులో విశాఖలో భూగర్భ కేబుళ్లు వేయడం ఒక ముఖ్యభాగం. తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ఏపీఈపీడీసీఎల్ ఆ పని చేపట్టింది. అక్కడ ప్రధాన లక్ష్యం సముద్రపు గాలిని తట్టుకోవడం.

బెంగళూరులో బెస్కాం ఇంకో దారి ఎంచుకుంది. 11 కేవీ లైన్లను భూగర్భంలోకి మార్చి, ఎల్టీ లైన్లను చాలావరకు పైనే ఉంచి, వాటి స్థానంలో ఇన్సులేషన్ ఉన్న ఏబీ కేబుల్ వేసింది. ఎక్కువ ప్రమాదకరమైన తీగ కిందికి పోయింది. తక్కువ వోల్టేజీ తీగకు తొడుగు వచ్చింది. ఖర్చు అదుపులో ఉంది. స్తంభాలు మాత్రం ఉన్నాయి.

ప్రపంచంలో చూస్తే లండన్, పారిస్ వీధుల్లో తీగలు దాదాపు పూర్తిగా నేలకిందే. టోక్యోలో నగర కేంద్రంగా లెక్కించే 23 వార్డుల్లో స్తంభాలు లేని రోడ్లు 8 శాతం దాకానే. జపాన్ 2016లో స్తంభాల తొలగింపు కోసం ప్రత్యేకంగా చట్టమే తెచ్చినా ముఖ్యమైన రోడ్ల నుంచి ఒక్కొక్కటిగా పని చేసుకొస్తోంది. డబ్బున్న దేశానికీ ఇది ఒక్క ఏడాదిలో అయ్యే పని కాదన్నమాట.

పని ఏ వరుసలో జరుగుతుంది?

ముందు సర్వే. నేలకింద ఇప్పటికే ఏమున్నాయో తెలుసుకోవాలి. జలమండలి మంచినీటి పైపులు, మురుగు పైపులు, వాననీటి కాలువలు, గ్యాస్ పైపులు, పాత టెలిఫోన్ కేబుళ్లు. పంచాయతీ కాలంలో వేసిన పైపులకు చాలాచోట్ల మ్యాపులు దొరకవు. అక్కడ నేల లోపలికి తరంగాలు పంపి చూసే రాడార్ పరికరంతోనో, చిన్న పరీక్ష గుంతలు తవ్వో చూసుకోవాలి.

తర్వాత రోడ్డు తవ్వడానికి మునిసిపల్ అనుమతి. ఆ తర్వాత తవ్వకం. ఇందులో రెండు పద్ధతులున్నాయి. ఒకటి పొడవుగా కందకం తీయడం. రెండోది రెండు చివర్ల గుంతలు తీసి, మధ్యలో రోడ్డు చెడకుండా యంత్రంతో అడ్డంగా రంధ్రం చేసి పైపు లాగడం. దీన్ని హెచ్‌డీడీ అంటారు. కొత్తగా సీసీ రోడ్డు పడిన వీధికి రెండోది నయం. కానీ కింద ఏముందో తెలియకుండా ఈ యంత్రం నడిపితే నీటి పైపుకో మురుగు పైపుకో చిల్లు పడుతుంది.

కేబుల్ వేశాక, పూడ్చాక పరీక్షలు చేస్తారు. ఇన్సులేషన్ బాగుందా, జాయింట్లు నిలుస్తాయా చూస్తారు. తర్వాత కొత్త పెట్టెలు, ట్రాన్స్‌ఫార్మర్లు బిగిస్తారు. ఒక్కో ఇంటి సర్వీసును కొత్త కేబుల్‌కు మారుస్తారు. అన్నీ మారాకే పాత తీగలు, చివరికి స్తంభాలు తీస్తారు.

ఈ చివరి అడుగు దగ్గరే పని ఆగిపోయే ప్రమాదం ఉంది. ఒక్క ఇల్లు మారకపోయినా, ఒక్క ఇంటర్నెట్ ఆపరేటర్ కదలకపోయినా స్తంభం అక్కడే నిలబడి ఉంటుంది. మీ వీధి పని ఒప్పందంలో స్తంభాల తొలగింపు ఉందో లేదో మొదటే అడగండి.

ఎంత లోతులో వేయాలి?

భూగర్భ కేబుళ్ల ఏర్పాటుకు భారత ప్రమాణాల సంస్థ నిబంధనావళి ఐఎస్ 1255. దాని ప్రకారం కనీస లోతులు ఇవి:

• ఎల్టీ కేబుల్: 0.75 మీటర్లు
• 11 కేవీ కేబుల్: 0.90 మీటర్లు
• 33 కేవీ కేబుల్: 1.05 మీటర్లు
• రోడ్డు దాటేచోట: 1 మీటరు

సగటు మనిషి నడుము ఎత్తు దాదాపు ఒక మీటరు. 11 కేవీ కేబుల్ కందకంలో మనిషి నిలబడితే అంచు అతని నడుము దగ్గరికి రావాలి. మోకాలి దగ్గరే ఉంటే లోతు చాలదు. టేపుతో కొలవడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు.

నేరుగా మట్టిలో వేసే కేబుల్ కింద మెత్తటి ఇసుక పరుపు, పైన మళ్లీ ఇసుక, ఆ పైన ఇటుకలు లేదా పలకలు, వాటి మీద రంగు హెచ్చరిక టేపు ఉండాలి. రేపు ఎవరైనా గడ్డపారతో తవ్వితే ముందు టేపు కనిపించాలి, తర్వాత ఇటుక తగలాలి, ఆ తర్వాతే కేబుల్. దక్కన్ నేలలో రాయి ఎక్కువ. రాయి తగిలిన చోట లోతు తగ్గించి, మొనదేలిన రాళ్లతోనే పూడ్చేయాలన్న తొందర పుడుతుంది. ఆ రాయి మొన ఏళ్ల తరబడి కేబుల్ తొడుగును ఒత్తుతూనే ఉంటుంది.

కేబుల్ దారి వెంట నేల మీద గుర్తు రాళ్లు పాతాలి. అసలు దారి, లోతు, జాయింట్లు ఎక్కడున్నాయో చూపే మ్యాపు డిస్కం దగ్గర ఉండాలి.

స్తంభాలు పోతే వీధిలో ఇంకేమీ కనిపించదా?

కనిపిస్తాయి. స్తంభాల స్థానంలో పెట్టెలు వస్తాయి.

మొదటిది ఆర్ఎంయూ, అంటే రింగ్ మెయిన్ యూనిట్. రైల్వే స్టేషన్‌కు పట్టాలు మార్చే చోటు ఎలాగో, 11 కేవీ కేబుళ్లకు ఇది అలాగ. ఒక వైపు కేబుల్ చెడితే ఇంకో వైపు నుంచి కరెంటు తెప్పిస్తుంది. రెండోది కాంపాక్ట్ సబ్‌స్టేషన్. ఇది నాలుగు వైపులా మూసిన ట్రాన్స్‌ఫార్మర్ గది. మూడోది ఫీడర్ పిల్లర్ బాక్సు. నాలుగైదు ఇళ్లకో, పదిళ్లకో సర్వీసులు ఇక్కడి నుంచే చీలుతాయి.

ఇవి ఎక్కడ పెట్టాలన్నదే కాలనీల్లో పెద్ద తగువవుతుంది. గేటు ముందు వద్దని అందరూ అంటారు. ఫుట్‌పాత్ లేని 30 అడుగుల వీధిలో పెట్టెకు చోటు దొరకడం కష్టం. లేఅవుట్‌లో పార్కుకో సామూహిక అవసరానికో వదిలిన ఖాళీ స్థలం ఉంటే దాని అంచున ఒక మూల కేటాయించేలా కాలనీ సంఘం, మునిసిపల్ అధికారులు, డిస్కం ముందే కూర్చుని మాట్లాడుకోవాలి. తలుపు తెరిచి పనిచేయడానికి పెట్టె ముందు ఖాళీ ఉండాలి. అక్కడ బండ్లు ఆపితే రాత్రి పూట కరెంటు పోయినప్పుడు సిబ్బందికి దారి ఉండదు.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. వీధి దీపాలు ఉన్నవి ఇప్పటి కరెంటు స్తంభాలకే. స్తంభాలు తీసేస్తే దీపాలకు వేరే స్తంభాలు, వేరే కేబుల్ కావాలి. అవి సిద్ధం కాకుండా స్తంభాలు తీస్తే వీధి చీకటవుతుంది.

ఇక కరెంటు పోనే పోదా?

తక్కువసార్లు పోతుంది. పోయినప్పుడు మాత్రం ఎక్కువసేపు పోవచ్చు. ఈ రెండూ కలిపి అర్థం చేసుకోవాలి.

పైన ఉన్న లైనులో చాలా అంతరాయాలు తాత్కాలికం. కొమ్మ తగిలింది, పక్షి వాలింది, లైను ట్రిప్ అయింది, మళ్లీ వేస్తే వచ్చేస్తుంది. పెద్ద తప్పు జరిగినా లైన్‌మన్ టార్చి పట్టుకుని నడిచి వెతకగలడు. భూగర్భ కేబుల్‌కు కొమ్మలూ గాలీ అడ్డు రావు. కానీ ఒకసారి చెడిందంటే దానంతటది బాగుపడదు. ఎక్కడ చెడిందో కంటికి కనిపించదు. పరికరాలున్న వ్యాన్ తెప్పించి, కేబుల్‌లోకి సంకేతం పంపి దూరం లెక్కగట్టి, చోటు తేల్చి, తవ్వి, చెడిన ముక్క కోసి కొత్త జాయింటు వేయాలి. గంటలు పట్టవచ్చు, రోజు దాటవచ్చు.

అందుకే మీ వీధికి రెండో దారి ఉందా అన్నది ముఖ్యమైన ప్రశ్న. కేబుళ్లు రింగులా రెండు వైపుల నుంచి వస్తే చెడిన ముక్కను పక్కకు తప్పించి మిగతా ఇళ్లకు ఆర్ఎంయూ నుంచి కరెంటు ఇవ్వొచ్చు. ఒక్క వైపు నుంచే వచ్చి మీ వీధిలో ఆగిపోతే, మరమ్మతు అయ్యేదాకా చీకటే.

లోడు కూడా ఆలోచించాలి. బయటి తీగను గాలి చల్లబరుస్తుంది. నేలలోని కేబుల్ వేడి మట్టిలోంచే పోవాలి. ఎక్స్‌ఎల్‌పీఈ తొడుగున్న కేబుల్ నిరంతరంగా తట్టుకునే కండక్టర్ వేడి 90 డిగ్రీల సెల్సియస్. బడంగ్‌పేట్ లాంటి చోట ఖాళీ ప్లాట్లు ఇంకా ఇళ్లవుతున్నాయి. ఇంటింటికీ ఏసీలు పెరుగుతున్నాయి. ఎలక్ట్రిక్ బండ్ల ఛార్జింగ్ వస్తోంది. ఇవాళ్టి లోడుకే కేబుల్ వేస్తే కొన్నేళ్లకు మళ్లీ తవ్వాలి. ఇప్పుడే రెండు ఖాళీ పైపులు అదనంగా వేసి ఉంచితే ఆ తవ్వకం తప్పుతుంది.

నీళ్లు నిలిచే కాలనీల మాటేమిటి?

2020 అక్టోబర్ వరదలు ఈ వైపు ఎవరూ మర్చిపోలేదు. బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు కట్ట తెగింది. మీర్‌పేట్, సరూర్‌నగర్ చెరువుల కింది కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటిచోట భూగర్భ కేబుల్ పనిచేస్తుందా?

కేబుల్ సరిగా వేస్తే పనిచేస్తుంది. దాని తొడుగు తడి నేలను తట్టుకునేలా చేసిందే. బలహీనమైన చోట్లు రెండు. ఒకటి జాయింట్లు. హడావుడిగా, తడి చేతులతో, బురదలో వేసిన జాయింటులోకి నీరు మెల్లగా చేరుతుంది. రెండోది నేల మీద పెట్టెలు. పిల్లర్ బాక్సు మోకాలెత్తు దిమ్మె మీద ఉండి, వీధిలో నడుములోతు నీళ్లు వస్తే ఆ పెట్టెకు దగ్గరగా వెళ్లినవాళ్లకు ప్రాణాపాయం.

కాబట్టి దిమ్మె ఎత్తును మామూలు లెక్కతో కాకుండా మీ వీధిలో వరద గుర్తు చూసి నిర్ణయించాలి. 2020లో నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఆఫీసు మ్యాపులో ఉండకపోవచ్చు. మీ గోడ మీద మాత్రం ఉంది. సర్వేకు వచ్చినవాళ్లకు ఆ గుర్తు చూపించండి, కాలనీ సంఘం పేరుతో రాసి ఇవ్వండి.

ఇంటర్నెట్, టీవీ వైర్ల సంగతి?

కరెంటు కేబుళ్లతో పాటే అదే తవ్వకంలో, వాటికి దూరంగా వేరే పైపులు వేసి ఆపరేటర్లందరికీ ఇవ్వడం మేలైన పద్ధతి. దీన్ని కామన్ డక్ట్ అంటారు. లేకపోతే ఈ నెల కరెంటువాళ్లు తవ్వుతారు, వచ్చే నెల ఒక నెట్ కంపెనీ, ఆ పై నెల ఇంకొకటి.

కేంద్ర టెలికాం చట్టం కింద వచ్చిన రైట్ ఆఫ్ వే నిబంధనలు 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. రోడ్డు వెంట కేబుల్ వేయాలంటే అనుమతి ఎలా తీసుకోవాలో అవి చెబుతాయి. తవ్వే ముందు కింద ఎవరి ఆస్తి ఉందో తెలుసుకోవడానికి కేంద్రం 2023 మార్చి 22న 'కాల్ బిఫోర్ యూ డిగ్' యాప్ ప్రారంభించింది. జేసీబీ తెచ్చే ప్రతి ఏజెన్సీ దీన్ని వాడాలి. మీ వీధిలో తవ్వేవాళ్లను 'యాప్‌లో సమాచారం ఇచ్చారా?' అని అడగొచ్చు.

ఖర్చు ఎవరు భరిస్తారు?

ప్రభుత్వ పథకంలో మీ వీధి ఉంటే ఇంటింటికీ వచ్చి లైను ఖర్చు వసూలు చేయడం ఉండదు. కానీ ఉచితం అనుకోకండి. డిస్కం పెట్టే పెట్టుబడిని విద్యుత్ నియంత్రణ మండలి ఆమోదిస్తే అది రుణం, వడ్డీ, తరుగుదల రూపంలో డిస్కం వార్షిక ఆదాయ అవసరాల్లో కలుస్తుంది. అది కొంత బిల్లుల్లోకి వస్తుంది, కొంత ప్రభుత్వ సబ్సిడీగా పోతుంది. ఈ లెక్కల మీద మండలి బహిరంగ విచారణ జరుపుతుంది. అక్కడ వినియోగదారులు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు.

భూగర్భ లైనుకు పై లైను కంటే కొన్ని రెట్లు ఖర్చవుతుంది. పైన గాలే ఉచిత ఇన్సులేషన్. కింద అంగుళం అంగుళానికీ ఇన్సులేషన్ కొనాలి, తవ్వాలి, పూడ్చాలి, రోడ్డు తిరిగి వేయాలి.

పథకం వచ్చేదాకా ఆగలేని పరిస్థితి ఉంటే, అంటే మీ బాల్కనీకి ఆనుకుని తీగ పోతుంటే, లైను జరపమని డిస్కంకు దరఖాస్తు చేయొచ్చు. వాళ్లు వచ్చి చూసి అంచనా ఇస్తారు. సొంత అవసరం కోసం అడిగే మార్పు ఖర్చు సాధారణంగా అడిగినవాళ్లదే. తీగలకు బదులు ఏబీ కేబుల్ వేయమని అడగడం మధ్యేమార్గం. నాలుగు తీగలూ తొడుగులతో ఒకే జడలా పెనవేసి ఉంటాయి. తవ్వకం అక్కర్లేదు, పని త్వరగా అవుతుంది. కానీ ఇది ఎల్టీకి పనికొచ్చే ఉపాయమే. ప్రమాదం 11 కేవీ లైనుతో అయితే సమస్య తీరదు.

మీ వీధిలో పని మొదలైతే...

తవ్వకానికి ముందు:
• ఏ తీగలు కిందికి వెళ్తాయో, స్తంభాలు ఎప్పుడు తీస్తారో ఏఈ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. సమాధానం రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. రూ.10 ఫీజుతో దరఖాస్తు చేస్తే 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.
• మీ ఇంటి ముందు నీటి, డ్రైనేజీ కనెక్షన్లు, బోరు, సంపు ఎక్కడున్నాయో గోడ మీద గుర్తు పెట్టండి.
• పని ముందు రోడ్డు, ప్రహరీ, గేటు ర్యాంపు ఫొటోలు తేదీతో తీసి ఉంచండి.

తవ్వకం సాగుతుండగా:
• లోతు కొలవండి. ఇసుక, ఇటుక, టేపు పడ్డాయా చూడండి. ఫొటోలు తీసి కాలనీ గ్రూపులో పెట్టండి. పూడ్చాక మీకు మిగిలే రుజువు అదొక్కటే.
• రాత్రిపూట గుంత చుట్టూ అడ్డు, మెరిసే పట్టీ ఉండాలి. లేకపోతే వెంటనే ఫిర్యాదు చేయండి.
• పిల్లలను కందకం దగ్గరికి రానివ్వకండి. పాత ఎల్టీ లైను ఇంకా పైన బతికే ఉంటుంది.

మీ సర్వీసు మార్చిన రోజు:
• కరెంటు రాగానే ఏసీ, ఫ్రిజ్, టీవీ వేయకండి. ముందు ఒక బల్బు వేయండి. మరీ ప్రకాశంగానో మరీ మసకగానో వెలిగితే మెయిన్ ఆపి సిబ్బందిని పిలవండి. న్యూట్రల్ వదులుగా ఉంటే వోల్టేజీ పెరిగి సామాన్లు కాలిపోతాయి.
• త్రీ ఫేజ్ బోరు మోటారు ఉంటే నీళ్లు మామూలుగా వస్తున్నాయా చూడండి. ఫేజులు తారుమారైతే మోటారు వెనక్కి తిరుగుతుంది. నీళ్లు రావు లేదా చాలా తక్కువగా వస్తాయి.
• ఎర్తింగ్ తిరిగి కలిపారా అని అడిగి చూసుకోండి.

పని అయ్యాక:
• కేబుల్ ఇంటికి ఎటు నుంచి వస్తోందో కాగితం మీద గీసి మీటర్ బోర్డు పక్కన అంటించండి. రేపు గేటు స్తంభం పాతినా, చెట్టు గుంత తీసినా, ఇల్లు అమ్మినా అది పనికొస్తుంది.
• పిల్లర్ బాక్సు తలుపు తెరిచి ఉన్నా, తాళం విరిగినా మీరు ముట్టుకోవద్దు. ఫిర్యాదు చేయండి.

తీగలు కిందికి వెళ్లేదాకా...

విద్యుత్ ఫిర్యాదులకు 1912 నంబరు ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది. తీగ తెగి కింద పడితే, అది ఏ తీగైనా సరే, కేబుల్ టీవీ వైరే అనిపించినా సరే, దగ్గరికి వెళ్లకండి. ఇంకెవరినీ వెళ్లనివ్వకండి. కర్రతో పక్కకు తోయబోవద్దు. స్తంభం దగ్గర ఏ నంబరు రాసి ఉంటే ఆ నంబరు చెబితే సిబ్బందికి చోటు త్వరగా దొరుకుతుంది.

గణేశ్ మండపం, బోనాల తొట్టెల, పెళ్లి పందిరి... ఏది వేసినా ముందు తల ఎత్తి పైకి చూడండి. రథం, విగ్రహం ఎత్తు ఎంతో దారిలో తీగల ఎత్తు ఎంతో ముందురోజే చూసుకోండి. ఊరేగింపు సంగతి డిస్కంకు ముందే చెబితే ఆ దారిలో లైను ఆపుతారు.

ఫిర్యాదు చేసినా పని కాకపోతే డిస్కంలోనే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది. అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే విద్యుత్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఈ రెండూ 2003 విద్యుత్ చట్టం 42వ సెక్షన్ ఇచ్చిన హక్కులు. వకీలు లేకుండానే మీ గోడు చెప్పుకోవచ్చు. ఒక్క ఇంటి దరఖాస్తు కంటే వీధి అంతా సంతకాలు పెట్టిన దరఖాస్తుకు బలం ఎక్కువ. తీగ ఒక్కరి ఇంటి ముందు ఆగదు కదా.